వాసన పోయిందన్నాడు యాదయ్య

2023 మే నెల, ఒక ఆదివారం ఉదయం. నార్సింగిలో ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక గేటెడ్ కమ్యూనిటీ. నాలుగు బ్లాకులు, నాలుగు వందలకు పైగా ఫ్లాట్లు, మధ్యలో ఏసీ క్లబ్‌హౌస్. ఇంటర్ పాసైన పిల్లల కోసం అక్కడ కెరీర్ గైడెన్స్ కార్యక్రమం పెట్టి, కెమికల్ ఇంజినీరింగ్ గురించి అరగంట మాట్లాడమని నన్ను పిలిచారు. పిలిచింది ఆ కమ్యూనిటీ సెక్రటరీ ప్రసాద్ గారు. గోదావరి జిల్లా మనిషి, మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు, మాట మెత్తన. అంతకు నాలుగు నెలల ముందు వాళ్ల మురుగునీటి శుద్ధి ప్లాంటును, అందరూ ఎస్టీపీ అనేదాన్ని, నేను తనిఖీ చేసి రిపోర్టు ఇచ్చాను. అదీ పరిచయం.

ముందే చెప్పేస్తాను, ఇలాంటి పిలుపులంటే నాకు ఒళ్లు మంట. ఇరవై ఏడేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. మొదట మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీల్లో, తర్వాత నీటి శుద్ధి ప్లాంట్లకు కన్సల్టెంటుగా. ఇన్నేళ్లలో ‘కెమికల్ ఇంజినీర్ని’ అని చెబితే సగం మంది ‘అంటే ల్యాబ్‌లోనా?’ అన్నారు, మిగతా సగం ‘అయ్యో’ అన్నారు. మియాపూర్‌లో మా పక్క ఫ్లాటు ఆవిడ పదకొండేళ్లుగా నన్ను కెమిస్ట్రీ లెక్చరర్ అనే అనుకుంటోంది. వాళ్లబ్బాయికి ట్యూషన్ చెప్పలేదని కొంచెం కోపం కూడా ఉంది.

అయినా వెళ్లాను. పిల్లలు ఇరవై మంది, వాళ్ల వెనక తల్లిదండ్రులు నలభై మంది. నాకు తోచినంత తేలిగ్గానే మొదలుపెట్టాను. కెమిస్ట్రీ చదివినవాళ్లు బీకరులో ఒక పదార్థం చేసి చూపిస్తారు. దాన్నే టన్నుల లెక్కన, రోజూ ఒకే రకంగా, ఎవరికీ దెబ్బ తగలకుండా ఎలా చేయాలో చూసేది మేము. ఇంట్లో నలుగురికి చక్కగా వండే మనిషిని తీసుకెళ్లి పెళ్లిలో గుండిగ ముందు నిలబెట్టండి. అడుగు మాడుతుంది, పైన పలుకు మిగులుతుంది. గుండిగ పెద్దదైతే వేడి అన్ని మెతుకులకూ ఒకేలా అందదు. ఆ వేడి అందించడం, కలపడం, వడకట్టడం, మిగిలిన గంజిని ఎక్కడ పారబోయాలో కూడా ఆలోచించడం, ఇదే మా చదువు. మాకు మొదట నేర్పేది మాస్ బ్యాలెన్స్ అనే లెక్క. లోపలికి పోయింది బయటికి రావాలి, రాకపోతే లోపలే ఎక్కడో ఉండి తీరాలి. ఏదీ మాయం కాదు.

ఇంత చెప్పి, ప్రశ్నలు అడగమన్నాను.

ఒక తండ్రి లేచాడు. “కెమికల్‌లో చేరి, పక్కన కోడింగ్ నేర్చుకుంటే సాఫ్ట్‌వేర్‌లోకి రావచ్చు కదా మేడం?”

“రావచ్చు. కానీ నేను కెమికల్ గురించి చెప్పడానికి వచ్చాను.”

“అదే, కెమికల్ నుంచి ఎలా బయటికి రావాలో చెబితే పిల్లలకి క్లారిటీ వస్తుంది.”

ఇంకో తల్లి వర్క్ ఫ్రం హోం ఉంటుందా అని అడిగింది. రియాక్టరును హాల్లో పెట్టుకోవడానికి మీ ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే ఉంటుందని చెప్పాను. నవ్వారు. నేను నవ్వలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఆ హాల్లో ఏసీ కింద నిలబడి తెలుసుకున్నాను. మొదటి వరసలో ఒక అమ్మాయి మాత్రం నోట్‌బుక్‌లో గుండిగ బొమ్మ గీసుకుంటోంది.

అప్పుడే కంపు మొదలైంది. కుళ్లిన కోడిగుడ్డు కంపు. ఏసీలోంచి వస్తోందో, తలుపులోంచి వస్తోందో తెలియదు గానీ, రెండు నిమిషాల్లో హాల్లో సగం మంది కర్చీఫులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ప్రసాద్ గారు నొచ్చుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

“సారీ అండి మేడం. ఎస్టీపీలో పంపు జామ్ అయిందట. కంగారేం లేదండి, మా యాదయ్య దిగుతున్నాడు. పది నిమిషాల్లో క్లియర్ అయిపోద్ది. మీరు కంటిన్యూ చేయండి.”

“దిగడమంటే? ఎక్కడికి దిగుతున్నాడు?”

“ట్యాంకులోకేనండి. అతనికి అలవాటేనండి.”

మైకు కుర్చీలో పడేసి పరుగెత్తాను. యాభై రెండేళ్ల వయసులో, పట్టుచీర కట్టుకుని, రెండు అంతస్తుల ర్యాంపు దిగి పరుగెత్తడం ఎలా ఉంటుందో చెప్పను. వెనక నుంచి ఎవరో “సెషన్ అయిపోయిందా?” అనడం వినిపించింది.

ఎస్టీపీ సెకండ్ బేస్‌మెంటులో ఉంది. నాలుగు బ్లాకుల మురుగూ మొదట వచ్చి పడే చోటును కలెక్షన్ ట్యాంకు అంటారు. నేల కింద పద్నాలుగు అడుగుల లోతున్న చీకటి గది అది, పైన ఒక మనిషి పట్టేంత రంధ్రం, దాని మీద ఇనుప మూత. ఆ మూత పక్కన పడి ఉంది. యాదయ్య నడుముకు తాడు కట్టుకుని నిచ్చెన రెండో మెట్టు మీద ఉన్నాడు. తాడు రెండో కొస సెక్యూరిటీ అతని చేతిలో ఉంది. యాదయ్యది వనపర్తి వైపు ఒక ఊరు. నలభై దాటిన మనిషి, ఈ అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడు కూలికి వచ్చి, అవి పూర్తయ్యాక ఇక్కడే ప్లాంటు ఆపరేటరుగా కుదిరాడు.

“యాదయ్యా, పైకి రా. ముందు పైకి రా.”

“రెండే నిమిషాలు మేడం. పంపుకు బట్టలు జుట్టుకున్నయ్. దీసేసి వస్త.”

“లోపల గ్యాస్ ఉంది. దిగొద్దు.”

“లేదు మేడం. పొద్దుగాల మూత దీసినప్పుడు మస్తు వాసనొచ్చింది, కండ్లు గూడ మండినయ్. అందుకే అరగంట అట్లనే ఇడిసిపెట్టిన. ఇప్పుడు వాసన పోయింది. ఏం లేదు.”

అక్కడ నిలబడితే నా ముక్కు పగిలిపోతోంది. రెండు అంతస్తుల పైన జనం ముక్కులు మూసుకున్నారు. ట్యాంకు మూతి మీద అరగంట కూర్చున్న మనిషికి మాత్రం వాసన లేదట.

ఆ గ్యాసు పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. మురుగులో గాలి అందకపోతే పుడుతుంది. కొంచెం ఉన్నప్పుడు ఊరంతా కంపు కొడుతుంది. ఎక్కువైనా, దాని దగ్గరే ఎక్కువసేపు ఉన్నా, ముందు మన ముక్కును చంపేస్తుంది. వాసన ఆగిపోయిందంటే గ్యాసు పోయిందని మనిషి అనుకుంటాడు. లోతుకు దిగాక నాలుగు ఊపిరులు చాలు, ఇంక లేవడు. అతణ్ని తీయడానికి ఇంకొకడు దిగుతాడు, వాడూ లేవడు. ఈ కథ నా వృత్తిలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఇదంతా అక్కడ చెప్పే వ్యవధి ఎక్కడిది? అతనికి నా మాట మీద నమ్మకం కుదరడం లేదు. కింద పంపు ఆగి ఉంది, పైన నాలుగు వందల ఇళ్ల ఒత్తిడి ఉంది. ఒక్కటే అడిగాను.

“నీకిప్పుడు తలనొప్పిగా ఉందా?”

“ఉన్నది మేడం. పొద్దున చాయ్ తాగలే, అందుకే అనుకున్న.”

“చాయ్ వల్ల కాదు. ఈ గ్యాస్ వల్ల. నీ ముక్కు పని చేయడం లేదు యాదయ్యా, పైన క్లబ్‌హౌస్‌లో ఉన్నవాళ్లకు కూడా వాసన కొడుతోంది. రా.”

వచ్చాడు. ఆ రెండు మెట్లు ఎక్కి, నేల మీద కాలు పెట్టేదాకా నేను ఊపిరి పీల్చలేదు. అతన్నీ సెక్యూరిటీ అతన్నీ ర్యాంపు పైకి, ఆరుబయటికి తీసుకొచ్చాను. వెలుతురులో చూస్తే యాదయ్య కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. వెంటనే దవాఖానకు పోదామంటే వద్దన్నాడు. గట్టిగా చెబితే, సాయంత్రం ఎలాగో వెళ్లాడు.

నా కారు డిక్కీలో గ్యాస్ డిటెక్టరు ఎప్పుడూ ఉంటుంది. సెల్‌ఫోనంత పరికరం, గాలిలో విషం ఎంత ఉందో, ప్రాణవాయువు ఎంత ఉందో చెబుతుంది. దాన్ని పట్టుకుని ప్లాంటు తలుపు దాటానో లేదో, గోల పెట్టింది. బయట ప్యానెల్ మీద ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాను వేయించి, అరగంట ఆగి, డిటెక్టరును తాడుకు కట్టి ట్యాంకులోకి దించాను. అది ఈ గ్యాసును పది లక్షల వంతుల గాలిలో వంద వంతుల దాకా కొలుస్తుంది. నాలుగు అడుగుల లోతుకు వెళ్లేసరికి అంకెలు మానేసి, హద్దు దాటిందన్న గుర్తు చూపించింది. ఇంకా పది అడుగులు ఉంది కిందికి.

బయటికి వచ్చి ఆ పరికరంలో నమోదైన ఆ గుర్తు ప్రసాద్ గారికి చూపించాను. అప్పటికి హాల్లోవాళ్లు చాలామంది ర్యాంపు దగ్గరికి చేరారు. ఆయన ముఖం పాలిపోయింది. అయినా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

“మేడం, సాయంత్రం క్లబ్‌హౌస్‌లో బర్త్‌డే ఫంక్షన్ ఉందండి. ఈలోగా స్మెల్ పోతుందంటారా?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. “ప్రసాద్ గారూ, కింద మోతే లేదు, బ్లోవర్ ఎందుకు ఆపారు?”

బ్లోవర్ అంటే ట్యాంకుల్లోకి గాలి కొట్టే యంత్రం. అది ఇరవై నాలుగు గంటలూ తిరగాలి. తిరిగితే మురుగును తినే బ్యాక్టీరియా బతుకుతుంది, ఈ గ్యాసు పుట్టదు. జనవరిలో నేను చూసినప్పుడు నీళ్లలో ఆక్సిజన్ బాగా తక్కువ ఉంటే, బ్లోవర్ ఆపవద్దని రాసి మరీ ఇచ్చాను.

“పూర్తిగా ఆపలేదండి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకానేనండి. ఆ సౌండ్‌కి బి బ్లాక్‌లో వర్క్ ఫ్రం హోం వాళ్లకి కాల్స్‌లో డిస్టర్బెన్స్ అవుతోందండి. వాట్సాప్ గ్రూప్‌లో చాలా గొడవైంది. చివరికి ఓటింగ్ పెట్టాం. మెజారిటీ ఆపమన్నారండి.”

“బ్యాక్టీరియాని కూడా ఓటు అడిగారా?”

నేను ఆగలేదు. “ఇవాళ ఆదివారం కదా, ఇవాళ ఎవరి కాల్స్ ఉన్నాయి?”

“టైమర్ పెట్టామండి. ఆదివారం అని దానికి తెలీదు కదండీ.”

“ఎగ్జాస్ట్ ఫ్యాను?”

“ఆ గాలి పిల్లలు ఆడుకునే చోటికి వస్తోందని కంప్లైంట్ వచ్చిందండి. అది ఆపాక స్మెల్ తగ్గింది. ఆ కంప్లైంట్ టికెట్ క్లోజ్ చేశాం.”

అంటే, కంపు బయటికి పోయే దారి మూసి, కంపు లేదని రాసుకున్నారు. బయటికి రానిది లోపలే ఉంటుందని గంట ముందే నేను హాల్లో చెప్పాను. చెప్పి ఏం లాభం?

“నా రిపోర్టు చదివారా?”

“గ్రూప్‌లో ఫార్వర్డ్ చేశామండి.”

“చదివారా అని అడిగాను.”

గుండిగ బొమ్మ గీసుకున్న అమ్మాయి అక్కడే నిలబడి వింటోంది. “మేడం, గాలి ఆపితే అసలు అందులో ఈ గ్యాస్ ఎక్కణ్నుంచి వస్తుంది?” అని అడిగింది. ఆ రోజు నాకు ఎదురైన మొట్టమొదటి సరైన ప్రశ్న అది. గాలి ఉంటే ఒకరకం బ్యాక్టీరియా పనిచేస్తుంది, గాలి లేకపోతే ఇంకోరకం మేలుకుంటుంది, ఆ రెండో రకం మురుగులో కరిగి ఉన్న సల్ఫేటు అనే లవణంలోంచి ఆక్సిజన్ లాక్కుని ఈ విషాన్ని వదులుతుంది అని చెప్పాను. అయితే ప్లాంటు నడపడమంటే ఎవరిని మేపాలో ఎంచుకోవడమేనా అంది. అవునన్నాను. అంతలో వాళ్ల నాన్న “పద, లేటవుతోంది” అన్నాడు. ఆ అమ్మాయి చివరికి ఏ బ్రాంచిలో చేరిందో నాకు తెలియదు.

మధ్యాహ్నానికి ట్యాంకర్లు వచ్చి పైనుంచే పైపు వేసి మురుగంతా తోడాయి. ఖాళీ ట్యాంకులోకి రెండు గంటలు గాలి కొట్టించి, డిటెక్టరు సున్నా చూపించాక, ట్యాంకరువాళ్లు కొక్కెంతో పంపును పైకి లాగారు. నిజానికి పంపుకు గొలుసు ఉంటుంది, ఎవరూ దిగకుండా లాగడానికే. అది తుప్పుపట్టి తెగి ఆరు నెలలైంది. కొత్తది వేయమని కూడా నా రిపోర్టులో ఉంది. పంపుకు చుట్టుకున్నవి పిల్లలకు తుడిచే తడి టిష్యూలు. వాటి ప్యాకెట్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసి ఉంటుందని ఒకాయన నాకు వివరించబోయాడు. అతనితో మాట్లాడే ఓపిక నాకు లేక పక్కకు వచ్చేశాను.

యాదయ్య ర్యాంపు పక్కన గట్టు మీద నీళ్ల బాటిల్ పట్టుకుని కూర్చున్నాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను. కోపం ఇంకా తగ్గలేదు, అదే గొంతుతో అతన్నీ కసిరాను.

“గ్యాస్ చూడకుండా ఎవరూ ట్యాంకులో దిగకూడదని రాసి ఇచ్చాను కదా యాదయ్యా. తొమ్మిదో పేజీలో ఉంది.”

“మాకెవ్వరు జెప్పలే మేడం,” అన్నాడు. దెప్పిపొడుపు ఏమీ లేదు ఆ గొంతులో. ఉన్నమాట చెప్పాడంతే.

నా రిపోర్టు పద్నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషే. జనవరిలో తనిఖీ చేసిన రోజు యాదయ్య నాలుగు గంటలు నా వెంటే ఉన్నాడు. శాంపిల్ సీసాలు పట్టుకున్నాడు. నాకు కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. ఇదే మూత తీసి చూపించాడు. ఆ నాలుగు గంటల్లో ఒక్క నిమిషం అతనితో ‘వాసన పోతే నమ్మకు’ అని నేను చెప్పలేదు. రిపోర్టులో రాస్తాం కదా అనుకున్నాను. పొద్దుటి నుంచి చదవని వాళ్ల మీద మండిపడుతున్నాను గానీ, నేను రాసింది ఆ ట్యాంకులో ఎప్పటికీ దిగని వాళ్లకు. అతను ఆ రోజు పోయి ఉంటే, తొమ్మిదో పేజీ చూపించి నా తప్పేం లేదని చెప్పుకునేదాన్ని. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఇప్పుడు నా రిపోర్టుకు మొదటి పేజీ తెలుగులో ఉంటుంది. దాన్ని ముందు ఆపరేటరుకు చదివి వినిపించి, అతనితో తిరిగి చెప్పించుకుని, తర్వాతే అపార్ట్‌మెంటు కమిటీకి పంపుతాను. కమిటీవాళ్లు చదివేదీ ఆ ఒక్క పేజీనే అని ఈమధ్య తెలిసింది.

ఆ రోజు గట్టు మీద యాదయ్య అడిగాడు: “మేడం, బాయిల గూడ గిట్ల గ్యాస్ ఉంటదా?”

“ఉంటుంది. వాడకుండా వదిలేసిన బావి, చెత్త పడి కుళ్లిన బావి అయితే తప్పకుండా ఉంటుంది. ఎందుకు?”

“మా బావ పూడిక దియ్యనీకి పాత బాయిల దిగిండు. ఇరవై ఏండ్లాయె. దిగిన ఐదు నిమిషాలకే పడిపోయిండు. ఒంటి మీద దెబ్బ లేదు, ఏం లేదు. దయ్యం గొట్టిందన్నరు. అప్పటికి పెండ్లయి ఏడాది గూడ గాలే. మా అక్క కాలువెట్టిన యాళ మంచిది గాదన్నరు. ఇప్పటికి గూడ ఎవ్వరింట్ల పెండ్లయినా మా అక్కను పిలుస్తలేరు.” నా వైపు తిరిగాడు. “గది గూడ గిదేనా మేడం?”

“నేను చూడలేదు కాబట్టి ఏ గ్యాసో చెప్పలేను. కానీ నువ్వు చెప్పినదాన్ని బట్టి చెడ్డ గాలికే పోయాడు. దయ్యం కాదు, మీ అక్క కాలూ కాదు.”

“గీ మాట మా అక్కకు జెప్తరా? నేను జెప్తే నమ్మది.”

ఫోను కలిపి ఇచ్చాడు. ఆమె పేరు అంజమ్మ. ట్యాంకర్ల మోతలో చెవికి ఫోను నొక్కిపెట్టుకుని, ఒక్క ఇంగ్లీషు మాట రాకుండా చెప్పాను. గాలి ఆడని బావిలో చెత్త కుళ్లితే అడుగున చెడ్డ గాలి పేరుకుంటుందని, మంచి గాలికి చోటు ఉండదని, దిగినవాడు ఎంత గట్టివాడైనా నాలుగు ఊపిరుల్లో పడిపోతాడని, ఆ రోజు ఆ బావిలో ఎవరు దిగినా అదే జరిగేదని. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ‘ఊఁ’ అనలేదు.

“చదువుకున్నోళ్లు గూడ గిదే అంటరా మేడం?” అని అడిగింది చివరికి.

“గిదే అంటారమ్మా. మేము చదువుకునేదే ఇది.”

తెలిసినవాళ్లు నోరు విప్పకపోతే ఆ ఖాళీలో ఎవరో ఒకరి మీద నింద వచ్చి కూర్చుంటుందని, అది ఇరవై ఏళ్లయినా లేవదని నాకు అప్పుడు తెలిసింది. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను. ఇంతలో ఆమె గొంతు తగ్గించి అంది:

“మా అత్త పక్కనే ఉన్నది. ఆమెకు గూడ జెప్తవా?”

ఫోను ఆ పోయినవాడి తల్లి చేతికి మారింది. ఒక ముసలి దగ్గు వినిపించింది. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అవతల ముసలామె అంతా వింది.

“మల్లొక్కపారి జెప్పు బిడ్డా,” అంది.

చెప్పాను.